వెలితి కుండ తొణుకులు: టెరాహెర్ట్జ్ తరంగాలు, ప్లాస్మాన్ అనునాదం

సింగపూరులో పిల్లల వద్దకు వచ్చి కొన్నాళ్ళు గడిపే తెలుగు పెద్దలను కదిపితే, చాలామంది జ్ఞాపకాలలో ఒక రేడియో వినిపిస్తుంది. సాయంకాలం వేళ అరుగుమీద రేడియో పెట్టుకొని, ముల్లును అటూ ఇటూ జరిపి, సముద్రానికి ఆవల కొలంబోనుండి రేడియో సిలోన్ ప్రసారం చేసే తెలుగు సినిమా పాటలకోసం చెవి ఒగ్గి కూర్చున్న రోజులవి. పాట కొంతసేపు స్పష్టంగా వినిపించేది. అంతలోనే అలమీది పడవలా కుంగిపోయేది. మళ్ళీ తేలేది. ఆ కుంగుబాటు రేడియో దోషమని కొందరు దాని నెత్తిన రెండు దెబ్బలు కూడా వేసేవారు.

దోషం రేడియోది కాదు, అసలది దోషమే కాదు. వందల కిలోమీటర్ల ఎత్తున ఆకాశంలో ఒక అద్దం ఉన్నది. ఆ అద్దం కదులుతూ ఉంటుంది. దాని పనితీరును శాసించే సూత్రమే, ఈనాడు సింగపూరులో బ్యోనా విస్టా సమీపాన ఫ్యూజనోపొలిస్ భవనాలలోనూ, నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోనూ జరుగుతున్న ఒక అధునాతన పరిశోధనకు మూలమని చెబితే నమ్మశక్యం కాదు. టెరాహెర్ట్జ్ తరంగాలను పుట్టించడం, పట్టుకోవడం ఆ పరిశోధన లక్ష్యం. అర్ధవాహకాలలోని ఎలక్ట్రాన్ల సామూహిక డోలనం అందుకు ఒక ముఖ్య సాధనం. ఈ డోలనాన్నే శాస్త్రజ్ఞులు 'ప్లాస్మాన్' అంటారు.

ఆకాశపు అద్దం, వెండి అద్దం

భూమి వాతావరణపు పైపొరలలో సూర్యుని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్‌కిరణాలు పరమాణువులనుండి ఎలక్ట్రాన్లను విడదీస్తాయి. ఆ పొరకు అయనావరణమని పేరు. అక్కడ పగటివేళ ఒక ఘనసెంటీమీటరులో ఇంచుమించు పది లక్షల స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. ధనావేశం గల అయాన్లు, ఋణావేశం గల ఎలక్ట్రాన్లు కలిసి ఉన్న ఇటువంటి మిశ్రమానికి 'ప్లాస్మా' అని పేరు పెట్టినవాడు అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు అర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఆయన, ల్యూయీ టాంక్స్ కలిసి 1929లో ఆ ప్లాస్మాకు ఒక సహజమైన లయ ఉన్నదని నిరూపించారు.

ఆ లయను అర్థం చేసుకోవడం కష్టం కాదు. బిందెలో నీళ్ళు తెచ్చే మనిషి ఒక్కసారి ఆగితే నీరు ముందుకు ఎగిసి, వెనుకకు పడి, మళ్ళీ ముందుకు వస్తుంది. ప్లాస్మాలో ఎలక్ట్రాన్లను ఏదో ఒక బలం ఒక ప్రక్కకు నెడితే, వెనుక మిగిలిన ధనావేశం వాటిని తిరిగి లాగుతుంది. వేగంమీద వచ్చిన ఎలక్ట్రాన్లు తమ స్థానంలో ఆగలేక రెండవ ప్రక్కకు పోతాయి. ఈ ఊగులాట ఎంత త్వరగా జరగాలో నిర్ణయించేది ప్రధానంగా ఎలక్ట్రాన్ల సాంద్రత. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే వెనుకకు లాగే బలం ఎక్కువ, లయ వేగవంతం. లెక్క ప్రకారం పౌనఃపున్యం సాంద్రతకు వర్గమూలంగా పెరుగుతుంది. అంటే సాంద్రత నూరు రెట్లయితే లయ పది రెట్లవుతుంది.

ఘనసెంటీమీటరుకు పది లక్షల ఎలక్ట్రాన్లుంటే ఆ లయ సెకనుకు సుమారు 90 లక్షల కంపనాలు, అనగా 9 మెగాహెర్ట్జ్. ఇంతకంటె మెల్లగా కంపించే రేడియో తరంగం వచ్చినప్పుడు ఎలక్ట్రాన్లు దానిని అనుసరించి కదిలి వెనుకకు త్రిప్పి పంపుతాయి. త్వరగా కంపించే తరంగాన్ని అందుకోలేక లోపలికి పోనిస్తాయి. 41 మీటర్ల హ్రస్వతరంగం పౌనఃపున్యం సుమారు 7.3 మెగాహెర్ట్జ్ కనుక, ఏటవాలుగా పోయి అయనావరణాన్ని తాకి, సముద్రం దాటి మన పల్లెలకు దిగేది. 100 మెగాహెర్ట్జ్ వద్ద పలికే ఎఫ్.ఎం. ప్రసారం ఆ అద్దాన్ని చీల్చుకొని అంతరిక్షంలోకి పోతుంది. అందుకే కొలంబో ఎఫ్.ఎం. కృష్ణా తీరానికి వినబడదు. అయనావరణంలో సాంద్రత క్షణక్షణం మారడం, తరంగాలు వేర్వేరు దారులలో వచ్చి కలవడం పాట తేలి మునగడానికి కారణాలు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు నాయకత్వాన జరిగిన అయనావరణ పరిశోధన ఈ రంగంలో ఆ సంస్థకు పేరు తెచ్చింది.

ఇప్పుడు ఆకాశంనుండి దిగి ఇంట్లోని వెండి గిన్నెను చూద్దాం. వెండిలో ఘనసెంటీమీటరుకు ఉన్న స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల సంఖ్య రాయాలంటే 6 ప్రక్కన 22 సున్నాలు పెట్టాలి. సాంద్రతే ముఖ్యమైన ఆ సూత్రాన్ని ఇక్కడ ప్రయోగిస్తే లయ సుమారు 2,000 టెరాహెర్ట్జ్ అవుతుంది. టెరాహెర్ట్జ్ అంటే సెకనుకు లక్ష కోట్ల కంపనాలు. కంటికి కనిపించే వెలుగు 400 నుండి 750 టెరాహెర్ట్జ్ వరకే కనుక వెండి దానిని త్రిప్పి పంపుతుంది. వెండి అద్దంలా మెరవడానికీ, ఆకాశం కొలంబో పాటను క్రిందికి పంపడానికీ కారణం ఒక్కటే.

లోహాలలోని ఈ సామూహిక డోలనాన్ని 1950లలో డేవిడ్ బోమ్, డేవిడ్ పైన్స్ విశదపరిచారు. కాంతిలో ఫోటాన్ వలె ఇందులోనూ శక్తి విడివిడి మూటలుగా ఉంటుందని గుర్తించి, ఆ మూటకు 1956లో పైన్స్ 'ప్లాస్మాన్' అని నామకరణం చేశారు. మరుసటి సంవత్సరం ఆర్.హెచ్. రిచీ ఇటువంటి తరంగం పదార్థపు ఉపరితలం వెంబడి కూడా సాగగలదని చూపారు.

రెండు రాజ్యాల నడుమ బీడు

ఆకాశం మెగాహెర్ట్జ్‌లలో, వెండి వేల టెరాహెర్ట్జ్‌లలో ఊగుతాయి. ఈ రెండింటి నడుమ, సుమారు 0.1 నుండి 10 టెరాహెర్ట్జ్ వరకు ఉన్న ప్రాంతం శాస్త్రజ్ఞులకు చిరకాలం బీడుగా మిగిలింది. ఒక టెరాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 0.3 మిల్లీమీటరు. దీనికి ఒకవైపు ట్రాన్సిస్టర్లు ఏలే రేడియో రాజ్యం, మరొకవైపు లేజర్లు ఏలే కాంతి రాజ్యం ఉన్నాయి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ట్రాన్సిస్టరునుండి వచ్చే సామర్థ్యం త్వరత్వరగా పడిపోతుంది. లేజర్లకు కష్టం వేరు. ఒక టెరాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి, గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తిలో సుమారు ఆరవ వంతు మాత్రమే. సంతలో గుసగుస వినిపించనట్లు, ఉష్ణ చలనపు కలకలంలో ఆ చిన్న శక్తి మునిగిపోతుంది.

టెరాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసే క్వాంటం కాస్కేడ్ లేజరును ఇటలీలోని పీసా, ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2002లో తొలిసారిగా వెలిగించారు. దానిని అతిశీతల స్థితిలో ఉంచవలసివచ్చింది. 18 ఏళ్ళ కృషి తరువాత 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి., కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు సున్నాకు దిగువ 23 సెంటిగ్రేడ్ డిగ్రీల వరకు దానిని తేగలిగారు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆ బీడులో పంట మంచిది. టెరాహెర్ట్జ్ తరంగాలు కాగితం, గుడ్డ, అనేక రకాల ప్లాస్టిక్కులగుండా పోతాయి. ఎక్స్‌కిరణాలవలె పరమాణువులనుండి ఎలక్ట్రాన్లను ఊడగొట్టవు. స్ఫటికంలో అణువులు ఒకదానితో ఒకటి కలిసి ఊగే లయలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. ఒకే మందు అణువు రెండు విధాలుగా పేర్చబడితే రెండు వేర్వేరు స్ఫటికాలు ఏర్పడతాయి. ఒకటి శరీరంలో చక్కగా కరుగుతుంది, రెండవది కరగకపోవచ్చు. టెరాహెర్ట్జ్ వర్ణపటంలో ఆ రెండూ రెండు సంతకాలు చేస్తాయి. మాత్రపై పూత మందాన్ని మాత్ర విరవకుండా కొలవడానికి కూడా ఈ తరంగాలు పనికివస్తాయి. హైదరాబాదులోనూ, సింగపూరులో టువాస్ ప్రాంతంలోనూ ఔషధ కర్మాగారాలలో పనిచేసే తెలుగువారికి ఈ సంగతి విలువ వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని ఉన్నతశక్తి పదార్థాల పరిశోధనా కేంద్రంలో ప్రేలుడు పదార్థాలను ఈ తరంగాలతో గుర్తించే పరిశోధన సాగింది.

నిండు కుండ తొణకదు

ఎలక్ట్రాన్ల సామూహిక లయను టెరాహెర్ట్జ్ ప్రాంతానికి తేవాలంటే ఏమి చేయాలి? లోహం పనికిరాదు. నిండు కుండ తొణకదని పెద్దలు అన్నట్లు, ఎలక్ట్రాన్లతో నిండిన లోహం టెరాహెర్ట్జ్ తరంగాన్ని ఇంచుమించు యథాతథంగా త్రిప్పి పంపుతుంది; తన స్వంత లయతో దానికి బదులు పలకదు. కావలసినది వెలితి కుండ. అర్ధవాహకం సరిగ్గా అటువంటిదే.

గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంలో ఘనసెంటీమీటరుకు, 1 ప్రక్కన 16 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు ఉండేటట్లు చేస్తే దాని ప్లాస్మా లయ దాదాపు 1 టెరాహెర్ట్జ్ అవుతుంది. ఆకాశానికి వెయ్యి కోట్ల రెట్ల సాంద్రత. లయ మాత్రం వర్గమూలం ప్రకారం లక్ష రెట్లు. ఆ పదార్థంలో ఎలక్ట్రాన్ తేలికగా, స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో సుమారు పదిహేనవ వంతు ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. అది లయను పెంచుతుంది. స్ఫటికంలోని పరమాణువులు విద్యుద్బలాన్ని పదమూడు రెట్లు తగ్గిస్తాయి. అది లయను తగ్గిస్తుంది. ఈ రెండూ ఇంచుమించు సరిపోతాయి.

అర్ధవాహకపు అసలు గొప్పతనం ఆ వెలితిని మన ఇష్టానుసారం నింపగలగడంలో ఉన్నది. మాలిన్య పరమాణువులను కొలతప్రకారం చేర్చి ఎలక్ట్రాన్లను పెంచవచ్చు. కాంతి ప్రసరింపజేసి పెంచవచ్చు. ప్రక్కన ఒక ఎలక్ట్రోడ్ ఉంచి, వోల్టేజీ మార్చి పెంచవచ్చు, తగ్గించవచ్చు. కొన్నింటిలో వేడిచేసినా చాలు. ఆకాశపు అద్దాన్ని సూర్యుడే నడపాలి. లోహపు సాంద్రతను మార్చడం దుర్లభం. అర్ధవాహకం ఒక్కటే మన మాట వింటుంది.

వీణ తీగ పొడవు, బిగువు

1977లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఎస్.జె. ఆలెన్, డి.సి. ట్సూయి, ఆర్.ఎ. లోగన్ సిలికాన్ ఉపరితలంపై పలుచని పొరగా పరుచుకున్న ఎలక్ట్రాన్లలో ప్లాస్మాన్లను ప్రత్యక్షంగా గుర్తించారు. అటువంటి పొర ట్రాన్సిస్టరులో కూడా ఉంటుంది. 1993లో మిషెల్ ద్యాకొనోవ్, మైకేల్ షుర్ అనే సిద్ధాంతవేత్తలు ఒక సాహసవంతమైన ప్రతిపాదన చేశారు. ట్రాన్సిస్టరులోని పొరలో ఎలక్ట్రాన్ల సాంద్రతా తరంగం, ఒక్కొక్క ఎలక్ట్రాన్ కొట్టుకుపోయే వేగంకంటె చాలా త్వరగా, సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుందనీ, రెండు అంచులమధ్య ప్రతిఫలిస్తూ క్రమంగా బలపడి టెరాహెర్ట్జ్ తరంగాలను వెలువరించగలదనీ వారు చెప్పారు.

వీణ వాయించేవారికి ఇది తెలిసిన సంగతే. తీగ పొడవు తగ్గితే స్వరం పెరుగుతుంది. బిరడ త్రిప్పి బిగిస్తే కూడా పెరుగుతుంది. ఇక్కడ తీగ పొడవు అంటే ట్రాన్సిస్టరు ద్వారం, అనగా గేట్ పొడవు. బిగువు అంటే గేట్‌కు ఇచ్చే వోల్టేజీ. పొర ఒక అంచున కట్టి, రెండవ అంచున వదిలినట్లు పనిచేస్తుంది కనుక, తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు అందులో ఇముడుతుంది. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగానికి లెక్కవేస్తే, 1 టెరాహెర్ట్జ్ స్వరానికి 250 నానోమీటర్ల పొడవు చాలు. తలవెంట్రుక మందంలో అది సుమారు మూడువందల వంతు.

మరి ఆ వీణ పలికిందా? తరంగాలను గ్రహించే పనిలో ట్రాన్సిస్టర్లు చక్కగా రాణించాయి. అనునాదం పూర్తిగా నిలవకపోయినా, తరంగం వచ్చి తాకినప్పుడు పొరలో కలిగే అలజడినుండి స్థిరమైన చిన్న వోల్టేజీ పుడుతుంది. ఆ ఆధారంతో సాధారణ సిలికాన్ ట్రాన్సిస్టర్లతోనే టెరాహెర్ట్జ్ కెమెరాలు తయారయినాయి. తరంగాలను వెలువరించే పని మాత్రం ఆ ప్రతిపాదన ఆశించినంతగా ఫలించలేదు. గది ఉష్ణోగ్రత వద్ద శుద్ధమైన గాలియం ఆర్సెనైడ్‌లో కూడా ఎలక్ట్రాన్ సగటున 0.3 పికోసెకనుకొకసారి స్ఫటిక కంపనాలను ఢీకొని దారి తప్పుతుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఒక టెరాహెర్ట్జ్ కంపనం ఒక్కటి పూర్తికావడానికే 1 పికోసెకను కావాలి. వేలు తీసేలోపే తడిగుడ్డ కప్పినట్లు, వీణ నాదం ఆవృతం ముగియకముందే అణగిపోతుంది. టెరాహెర్ట్జ్ ప్లాస్మాన్ పరికరాల కథ అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతున్నది: లయను పుట్టించడం సులభమే, దానిని బ్రతికించడం కష్టం.

వల్లూరుపాలెం నుండి కాన్‌బెర్రాకు

లయను బ్రతికించే ఈ ప్రయత్నంలో ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పేరు సగర్వంగా చెప్పుకోదగినది. చెన్నుపాటి జగదీష్ కృష్ణా జిల్లా వల్లూరుపాలెం గ్రామంలో జన్మించి, బాల్యంలో కిరసనాయిలు దీపపు వెలుగులో చదువుకున్నవారు. నాగార్జున విశ్వవిద్యాలయ పట్టం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఎస్‌సి. టెక్, 1986లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. కెనడాలో రెండేళ్ళు పనిచేసి, 1990లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చేరారు. అక్కడ ఆయన నిర్మించిన పరిశోధక బృందం అర్ధవాహక నానోతీగలను పెంచడంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2016లో ఆయనకు ఆ దేశపు అత్యున్నత పురస్కారాలలో ఒకటైన 'కంపానియన్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా' ప్రదానం చేసింది. 2022లో ఆయన ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ అధ్యక్షులయ్యారు.

నానోతీగ అంటే కొన్ని పదుల నానోమీటర్ల మందం, కొన్ని వేల నానోమీటర్ల పొడవు గల స్ఫటికపు పోచ. బంగారపు సూక్ష్మ బిందువు అడుగున, వాయురూపంలో వచ్చిన గాలియం, ఆర్సెనిక్ సమ్మేళనాలు విడిపోయి, పొరమీద పొరగా పేరుకొని పోచ మొలిచినట్లు పైకి లేస్తుంది. 2007లో జగదీష్ బృందం పెంచిన గాలియం ఆర్సెనైడ్ తీగలను ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో మైకేల్ జాన్‌స్టన్, లారా హెర్జ్ బృందాలు పరీక్షించాయి. లేజరు స్పందంతో తీగలో ఎలక్ట్రాన్లను విడుదల చేసి, వెనువెంటనే టెరాహెర్ట్జ్ స్పందం పంపి అవి ఎలా కదులుతున్నాయో చూశారు.

తీగలో స్పష్టమైన ఉపరితల ప్లాస్మాన్ కనిపించింది. ఎలక్ట్రాన్లు ఒక అంచుకు చేరగా, ఎదుటి అంచున మిగిలిన ధనావేశం వాటిని వెనుకకు లాగుతున్నది. ఆ లయ 0.3 పికోసెకనులోపు ఏర్పడింది. 10 పికోసెకన్లలో క్షీణించిపోయింది. ఇక్కడ క్షీణతకు కారణం ఇంతకుముందు చెప్పిన ఢీకొనడం కాదు. ఎలక్ట్రాన్లే కరువయినాయి. తీగ ఉపరితలంలో జత కుదరని బంధాలు గల పరమాణువులు వాటిని పట్టి బంధించాయి. గడియారం ఆడుతూ ఉండగానే అందులోని చక్రాలను ఒక్కొక్కటిగా ఎవరో ఎత్తుకుపోయినట్లన్నమాట.

పెద్ద స్ఫటికంలో ఉపరితలం వాటా తక్కువ. తీగను సన్నగా చేసేకొద్దీ లోపలి భాగం తగ్గి, ఉపరితలమే ప్రధానమవుతుంది. కనుక ఈ భౌతికశాస్త్ర సమస్యకు పరిష్కారం రసాయన శాస్త్రంలో ఉన్నది. గాలియం ఆర్సెనైడ్ తీగపై అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్‌ను తొడుగులా పెంచితే, తెగిన బంధాలకు జత దొరికి, ఎలక్ట్రాన్లు ఎక్కువకాలం స్వేచ్ఛగా తిరుగుతాయని ఆ బృందాలే తరువాత చూపాయి. ఇండియం ఫాస్ఫైడ్ ఉపరితలం తొడుగు లేకపోయినా ఎలక్ట్రాన్లను అంత త్వరగా మ్రింగదు. 2020లో ఆక్స్‌ఫర్డు, స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, కాన్‌బెర్రా బృందం కలిసి ఇండియం ఫాస్ఫైడ్ తీగలను ఒకదానికొకటి అడ్డంగా అమర్చి, టెరాహెర్ట్జ్ తరంగం ఏ దిశలో కంపిస్తున్నదో పూర్తిగా తెలిపే గ్రాహకాన్ని నిర్మించారు.

సింగపూరు ప్రయోగశాలలలో

ఆస్ట్రేలియాలో తీగలు మొలుస్తున్న కాలంలోనే సింగపూరు కూడా ఈ రంగంలో తనదైన అడుగు వేసింది. 1997లో స్థాపించబడిన పదార్థ పరిశోధన, ఇంజనీరింగు సంస్థ ఐ.ఎం.ఆర్.ఇ. అనే పేరుతో ప్రసిద్ధం. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీవారితో కలిసి 2012లో ఒక కొత్తరకం టెరాహెర్ట్జ్ జనకాన్ని ప్రకటించారు.

దాని సూత్రం సంగీతంలోని విస్పందనం. దాదాపు ఒకే శ్రుతి గల రెండు తీగలను మీటితే, రెండింటి తేడాకు సమానమైన లయలో నాదం పెరుగుతూ తరుగుతూ వినిపిస్తుంది. అలాగే రంగులో స్వల్పభేదం గల రెండు లేజర్లను కలిపితే, ఆ భేదం 1 టెరాహెర్ట్జ్ అయితే, వెలుగు సెకనుకు లక్ష కోట్లసార్లు మినుకుమంటుంది. ఆ వెలుగును గాలియం ఆర్సెనైడ్ పొరపై పడనిస్తే ఎలక్ట్రాన్లు అదే లయలో పుడుతూ పోతూ ఉంటాయి. పొరపై ఉన్న లోహపు ఎలక్ట్రోడ్లు ఆ విద్యుత్తును తరంగంగా వెలువరిస్తాయి. పాత పద్ధతిలో ఎలక్ట్రోడ్లు దువ్వెన పళ్ళవలె ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని ఉండేవి. సింగపూరు శాస్త్రజ్ఞులు వాటిని మొనకు మొన ఎదురుగా నిలిపి, నడుమ 100 నానోమీటర్ల ఖాళీ మాత్రమే ఉంచారు. ఆ ఇరుకు సందులో విద్యుత్క్షేత్రం ఎంతో తీవ్రమై, వెలువడే తరంగపు సామర్థ్యం సుమారు నూరు రెట్లు పెరిగింది.

మరుసటి సంవత్సరం, 2013లో, అదే సంస్థలోని పరిశోధకులు ఇతర సంస్థల సహకారంతో వెలితి కుండ సూత్రాన్ని నేరుగా ప్రయోగించారు. ఇండియం ఆంటిమొనైడ్‌లో ఎలక్ట్రాన్లు విడుదల కావడానికి కావలసిన శక్తి చాలా తక్కువ. గది వేడిమి చాలును. ఏ మాలిన్యమూ చేర్చకుండానే అందులో టెరాహెర్ట్జ్ లయకు తగినన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆ పదార్థంపై తరంగదైర్ఘ్యంకంటె సన్నని గాళ్ళు చెక్కి, కాంతి ప్రసరింపజేసి, ఎలక్ట్రాన్ల సాంద్రతను మార్చి, ప్లాస్మాన్ స్పందనను కాంతితోనే సవరించవచ్చునని వారు చూపారు. రేడియో ముల్లు త్రిప్పి స్టేషను మార్చినట్లు, వెలుగు మార్చి టెరాహెర్ట్జ్ స్వరం మార్చడం ఇది.

తేమగాలి తీర్పు

ఇంతటి కృషి జరిగినా, టెరాహెర్ట్జ్ తరంగాలపై మాటలాడే సింగపూరువాసులు ఒక సత్యాన్ని విస్మరించరాదు. నీటి ఆవిరి వీటికి గొప్ప శత్రువు. నీటి అణువు తిరుగుడు లయలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. 0.557 టెరాహెర్ట్జ్ వద్ద ఉన్న ఒక్క శోషణ రేఖే ఎంతో బలమైనది. సింగపూరులో సగటు గాలి తేమ 80 శాతానికి పైమాటే. ఒక ఘనమీటరు గాలిలో ఇరవై గ్రాములకు పైగా ఆవిరి ఉంటుంది. తరంగం ఆ గాలిలో దూరం పోయేకొద్దీ త్వరగా క్షీణిస్తుంది. అందువలన ప్రయోగశాలలలో పరికరాలను పొడిగాలితోగాని నత్రజనితోగాని నింపిన పెట్టెలలో ఉంచడం పరిపాటి. టెరాహెర్ట్జ్ స్తంభం ఒకటి నాటితే ఊరంతా సందేశాలు అందుతాయని ఎవరైనా అంటే, ఆ మాటను ఇక్కడి గాలియే ఖండిస్తుంది.

కాని గది ఒక మూలనుండి మరొక మూలకు, ఒక చిప్పులో ఒక భాగంనుండి మరొక భాగానికి సమాచారం పంపడానికి తేమ అడ్డు కాదు. నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలో రంజన్ సింగ్, బైలె జాంగ్ బృందాలు జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయంతో కలిసి 2020లో ఈ దారిని ఎంచుకున్నాయి. సిలికాన్ పలకపై త్రికోణాకారపు రంధ్రాలను ఒక ప్రత్యేక క్రమంలో చెక్కి, పదునైన మలుపులలో కూడా తరంగం చెదరకుండా నడిచే బాట వేసి, సుమారు 0.33 టెరాహెర్ట్జ్ వద్ద సెకనుకు 11 గిగాబిట్ల సమాచారాన్ని పంపారు.

ఆ బాటలో ప్లాస్మాన్ లేదన్నది గమనార్హం. ఎలక్ట్రాన్లు కదిలినచోట నష్టం తప్పదు కనుక, తరంగాన్ని మోసుకుపోయే బాటలో వాటిని తొలగించడమే మేలని వారు భావించారు. అయితే తరంగాన్ని పుట్టించాలన్నా, పట్టుకోవాలన్నా, మార్చాలన్నా ఎక్కడో ఒకచోట ఎలక్ట్రాన్లు కదలక తప్పదు. బాటకు నిశ్చలమైన సిలికాన్, బాట రెండు కొసలా తొణికే వెలితి కుండ: రెండింటికీ వాటి వాటి చోటు ఉన్నది. ప్లాస్మాన్ అన్నింటికీ మందు అని ప్రకటించేవారినీ, నష్టాల కారణంగా అది నిష్ప్రయోజనమని కొట్టివేసేవారినీ సమానమైన జాగ్రత్తతోనే వినవలసి ఉన్నది.

1929లో టాంక్స్, లాంగ్‌మ్యూర్ చెప్పిన సూత్రం మారలేదు. 1993నాటి వీణ ఇంకా గట్టిగా పలకలేదు. నడుమ జరిగినదంతా ఓపికగా చేసిన చిన్న పనుల సమాహారం: ఒక పొరను మరికొంత శుద్ధిగా పెంచడం, ఒక సందును మరికొంత ఇరుకు చేయడం, తెగిన బంధానికి జత కూర్చడం. పత్రికలలో పెద్ద అక్షరాలకు ఎక్కే ఫలితాల వెనుక ఉన్నది ఈ శ్రమే. విజ్ఞానశాస్త్రం చదవాలనుకునే ప్రవాసాంధ్ర బాలబాలికలు తెలుసుకోవలసినది కూడా ఇదే. ఎలక్ట్రాన్ల లయను ఒక్క పికోసెకను ఎక్కువ నిలపగలిగినా అది ఒక జీవితకాలపు కృషికి తగిన ఫలితమే.

ఈసారి తాతగారు సిలోన్ పాట సంగతి ఎత్తినప్పుడు, అది ఎందుకు తేలి మునిగేదో మనుమలు చెప్పగలరు. ఆకాశంలో ఎలక్ట్రాన్లు తొణికినప్పుడు పాట వినడం తప్ప మనకు చేయగలిగినది లేకపోయింది. అర్ధవాహకంలో ఆ కుండ మన చేతికే వచ్చింది. ఎంత నింపాలో తెలిసింది. ఎంతసేపు తొణికించాలో ఇంకా నేర్చుకుంటున్నాము.